బరువెఱిగి బండి, దారి యెఱిగి ఇంజను

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నారు. బండి కొని చూడు అను మూడవ మాటను నేటి చిన్న వర్తకుడు దానికి చేర్చుకొనవలసియున్నది. ఇంటికై చేసిన అప్పునకు ఇల్లు నిలిచియుండిన చాలును. బండికై చేసిన అప్పునకు బండి ప్రతిదినమును కదలుచుండవలెను. కదలిననాడు అది తన వాయిదాను తానే సంపాదించుకొనును. నిలిచిపోయిననాడు ఇంటివారి సంపాదనను కూడ తినివేయును. కనుక వ్యాపారమునకై వ్యాను కొనువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న "ఏ బండి గొప్పది?" అనునది కాదు. "నా పనికి ఏ బండి నిలుచును?" అనునదియే. ఈ ప్రసంగమున ఆ ప్రశ్ననే కొంత విపులముగ విచారింతము.

విషయము గాలిలో నిలువకుండుటకై మనకు తెలిసిన ప్రాంతమొకటి ఎన్నుకొందము. హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా రెండు పెద్ద దారులు సాగుచున్నవి. ఒకటి 44వ జాతీయ రహదారి. పూర్వము దీనినే 7వ నంబరు రహదారి అనెడివారు. ఇది కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ చేరి నాగపురమువైపు పోవును. రెండవది రాజీవ్ రహదారి. ఇది అల్వాలు, హకీంపేట, తూముకుంటలు దాటి శామీర్‌పేట చెఱువు ప్రక్కగా కరీంనగరమువైపు పోవును. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండు దారులను కలుపుచున్నది. మేడ్చల్ గాని, శామీర్‌పేట గాని సికింద్రాబాదునకు సుమారు 25 కిలోమీటర్ల దూరము. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఒక ప్రక్క పల్లెయు, ఒక ప్రక్క పట్టణమును కలిసియున్నవి. ఇచ్చటినుండి పాలు, కూరగాయలు, కోడిగ్రుడ్లు నగరమునకు పోవును. నగరమునుండి సిమెంటు, ఇనుము, కిరాణా సరకులు ఇచ్చటికి వచ్చును. తుర్కపల్లివద్ద జినోమ్ వ్యాలీయందలి ఔషధ పరిశోధనశాలలకును, పరిశ్రమలకును భోజనములు, నీళ్ళ క్యానులు, అట్టపెట్టెలు చేరవేయుట పలువురకు బ్రతుకుతెరువైనది. ఒకే ఊరిలో, ఒకే వీధిలో ఉండు ఇద్దరు వర్తకుల పనులు ఒక్కటిగ నుండవు. అందుచేతనే ప్రక్కింటివాడు కొనిన బండి చూచి మనము కొనరాదు.

పూర్వము సంతకు పోయి ఎడ్లను కొనిన రైతు ఏమి చేసెడివాడు? పండ్లు చూచెడివాడు, గిట్టలు చూచెడివాడు, నాలుగడుగులు నడిపించి చూచెడివాడు. కాని సంతకు బయలుదేరుటకు ముందే అతడు తన పొలమునెఱిగియుండెడివాడు. నల్లరేగడి దున్నవలెనా, చల్కనేల దున్నవలెనా, బండికి కట్టవలెనా అను సంగతి నిశ్చయించుకొనిన పిమ్మటనే కొమ్ముల సొగసు చూచెడివాడు. నేటి కొనుగోలుదారు అనేక పర్యాయములు కొమ్ములనే ముందు చూచుచున్నాడు.

కావున మేము చెప్పు మొదటి సలహా యేమనగా, బండి కొనుటకు ముందు ఒక నోటుపుస్తకము కొనుడు. ఒక నెల దినములు కిరాయి బండితోనైనను పని నడపి, ప్రతిరాత్రియు నాలుగు విషయములు వ్రాసికొనుడు. నేడు ఎంత బరువు మోసితిమి? ఎన్ని కిలోమీటర్లు తిరిగితిమి? ఎన్నిచోట్ల నిలిపితిమి? తిరిగి వచ్చునపుడు ఖాళీగా వచ్చితిమా, సరకుతో వచ్చితిమా? ముప్పది దినముల పిదప ఆ పుస్తకము చెప్పినంత నిజము ఏ దుకాణదారుడును చెప్పజాలడు.

ముందుగా బరువు సంగతి. నలువది లీటర్ల పాల క్యాను, పాలతోసహా తూచిన సుమారు 50 కిలోలుండును. అట్టివి పదునైదైనచో 750 కిలోలు. సిమెంటు సంచి కూడ 50 కిలోలే. పదునైదు సంచులును అదే బరువు. ఇరువది లీటర్ల నీళ్ళ క్యానులు ముప్పదియైదు ఎక్కించినచో 700 కిలోలు దాటును. ఈ మూడు సరకులకును ముక్కాలు టన్ను మోయు చిన్న బండి సరిపోవును. మరమరాల బస్తాలో, ఖాళీ అట్టపెట్టెలో, రొట్టెలో వేసికొనువానికి బరువు ప్రశ్నయే లేదు. బండి నిండిపోవును గాని స్ప్రింగులు వంగవు. అతనికి కావలసినది స్థలము, బలము కాదు. కోళ్ళ గంపలు తీసికొనిపోవువానికి స్థలముతోబాటు గాలియు కావలెను. బరువును, పరిమాణమును వేఱువేఱుగ లెక్కించని కారణమున రెండు టన్నుల బండి కొని అరటన్ను మోయువారు కలరు. ముక్కాలు టన్ను బండి కొని టన్నున్నర ఎక్కించువారును కలరు. మొదటివాడు ప్రతిదినమును కొంచెము నష్టపోవును. రెండవవాడు ఒక్కనాడే అంతయు పోగొట్టుకొనును. ఏలయన, అధికభారముతో మొదట దెబ్బతినునవి ఇంజను కాదు, బ్రేకులును టైర్లును. బండి లాగగలిగినంత మాత్రమున ఆగగలదని తలచుట పొరపాటు.

ఇక బండి ఆకారము. పాలకును, సిమెంటునకును, కూరగాయలకును వెనుక తొట్టి తెఱిచియున్న ట్రాలీ బండి అనుకూలము. మూడువైపులనుండి ఎక్కించి దింపవచ్చును. మందులు, బట్టలు, బేకరీ సరకులు మోయువారికి నాలుగుప్రక్కల మూసియున్న వ్యాను తగినది. వాననుండియు, దుమ్మునుండియు, చేతివాటమునుండియు రక్షణ కలుగును. మన దేశమున ఇట్టి చిన్న వ్యానునకు ఇంటింట పేరు తెచ్చినది 1984లో వచ్చిన మారుతి వ్యాను. ఓమ్ని అను పేర అది 2019 వరకు తయారైనది. చిన్న ట్రాలీల కథ 2005లో టాటా ఏస్‌తో మలుపు తిరిగినది. అంతకుపూర్వము మూడు చక్రముల బండికిని, పెద్ద లారీకిని నడుమ చిన్న వర్తకునికి తగిన నాలుగు చక్రముల బండి దాదాపు లేదనియే చెప్పవలెను. ఏస్ ఆ ఖాళీని పూరించినది. జనులు ముద్దుగా దానిని "చోటా హాథీ" అనిరి. పిమ్మట 2011లో అశోక్ లేలాండువారి దోస్తు, 2015లో మహీంద్రావారి జీతో, 2016లో మారుతివారి సూపర్ క్యారీ వచ్చినవి. జీతో తయారగునది మన జహీరాబాదులోనే. టన్నునకు పైబడిన బరువులకు బొలెరో పికప్ వంటి పెద్ద తరగతి వేఱుగ నున్నది.

ఈ చోటా హాథీ కథయందు ఇంజనును గూర్చిన పాఠమొకటి ఇమిడియున్నది. ఆ బండిలో మొదట అమర్చిన డీజిల్ ఇంజను రెండే సిలిండర్లది, 702 సి.సి. పరిమాణము గలది. ఇండికా కారునందలి నాలుగు సిలిండర్ల ఇంజనును సగము చేసినట్టిది. దాని శక్తి 16 హార్సుపవరు మాత్రమే. నేటి మోటారు సైకిళ్ళలో అంతకుమించిన శక్తి గలవి ఎన్నియో కలవు. అయినను అది 750 కిలోల సరకును మోసికొనిపోయినది. ఇది ఎట్లు సాధ్యము?

హార్సుపవరు అను మాటను వ్యాప్తికి తెచ్చినవాడు ఆవిరియంత్రమును మెఱుగుపరచిన జేమ్స్ వాట్. గుఱ్ఱములకు బదులు తన యంత్రమును కొనదలచిన గని యజమానులకు పోల్చి చెప్పుటకై ఆయన ఈ కొలత నుపయోగించెను. అది నేటి లెక్కలో సుమారు 746 వాట్లు. ఈ కొలత ఒక నిమిషములో ఎంత పని జరుగునో చెప్పును, అనగా వేగమును కూడ కలుపుకొని చెప్పును. బరువుతో నిలిచియున్న బండిని కదలించుటకు కావలసినది వేగము కాదు. ఇరుసును త్రిప్పు బలము. ఇంజనీర్లు దీనిని టార్కు అందురు. గుఱ్ఱము పరుగెత్తును, ఎద్దు లాగును. ఎద్దు మెల్లగా నడచినను బురదలో దిగబడిన బండిని పైకి తీయును. సరకుల బండి ఇంజను ఎద్దువలె నుండవలెను. తక్కువ చుట్లలోనే ఎక్కువ టార్కు నిచ్చు ఇంజనును, దానికి తగిన క్రింది గేరును ఉన్నచో, చిన్న ఇంజనే పెద్ద బరువును కదలించును. కనుక బండి కొనునపుడు హార్సుపవరు ఎంత అని మాత్రమేగాక, టార్కు ఎంత, అది ఎన్ని చుట్లవద్ద లభించును అనియు అడుగుడు. తరువాత మీ సరకు బరువంతయు ఎక్కించి, ఏటవాలు దారిపై బండిని నిలిపి, తిరిగి కదలించి చూడుడు. ఖాళీ బండిని చదును రోడ్డుపై నడపి చూచుట, పెండ్లిచూపులలో ఫొటో చూచి సరిపెట్టుకొనుట వంటిది.

ఇప్పుడు ఇంధనము. ఇచ్చటనే పాతకాలపు జ్ఞానము నేడు మనలను కొంత తప్పుదారి పట్టించుచున్నది. సరకుల బండి యనగా డీజిల్ బండియే అని మనలో బలమైన నమ్మకము. దానికి కారణము లేకపోలేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగ నడపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ అవసరము లేదు. గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టు వేడిమిచేతనే ఇంధనము మండును. అంతగా నొక్కుటవలన వేడిమిలో ఎక్కువ భాగము పనిగా మారును. ఒక లీటరు డీజిలులో ఒక లీటరు పెట్రోలు కంటె సుమారు పదింట ఒక వంతు అధికశక్తి యుండును. అందుచేత డీజిల్ బండి లీటరునకు ఎక్కువ దూరము పోవును. తక్కువ చుట్లలో బాగుగ లాగును.

కాని 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట అమలైన భారత్ స్టేజి ఆరు నిబంధనలతో డీజిల్ బండి స్వభావము మారినది. పొగయందలి మసిని పట్టుటకు నేటి డీజిల్ బండ్లలో అనేకములందు ఒక జల్లెడ అమర్చబడియున్నది. కొన్నిటిలో నత్రజని విషవాయువులను అణచుటకు యూరియా ద్రావణమును పొగలోనికి చిమ్ము ఏర్పాటున్నది. 32.5 శాతము యూరియాయు, మిగిలినది శుద్ధజలమును గల ఈ ద్రావణమును వేఱొక ట్యాంకులో పోయవలెను. ఊపిరితిత్తులకు ఇది మేలు. అందు సందేహము లేదు. అయితే మసిజల్లెడకు ఒక నియమము కలదు. అది నిండినపుడు లోని మసిని సుమారు 600 డిగ్రీల వేడిమివద్ద కాల్చివేయవలెను. బండి కొంతసేపు ఆగకుండ ఒకే వేగమున సాగినచో ఈ పని సులభముగ జరిగిపోవును. గల్లీగల్లీకి నిలుచుచు, ఇంజను పూర్తిగా వేడెక్కకమునుపే ఇల్లుచేరు బండిలో ఈ పని సగములో ఆగిపోవుచుండును. మసి పేరుకొనును, హెచ్చరిక దీపము వెలుగును, కాల్చుటకై అధికముగ చిమ్మిన డీజిలు కొంత జారి క్రిందనున్న ఇంజను ఆయిలును పలుచన చేయును. చివరకు బండి బలము తగ్గి మెకానికు వాకిట నిలుచును. దోషము బండిది కాదు, నడపువానిది కాదు; పనికిని ఇంజనునకును పొత్తు కుదరలేదు.

ఈ మాటను మన రెండు దారులకు అన్వయింపజేసి చూతము. మేడ్చల్‌నుండి తెల్లవాఱుజామున బయలుదేరి 44వ రహదారిపై బోయినపల్లి కూరగాయల మార్కెట్టుకు పోయి, అచ్చటినుండి కిరాణా సరకు వేసికొని తిరిగివచ్చువాడొకడు. అతడు వలయ రహదారి మీదుగా దూరపు ఊళ్ళకును కిరాయిలు పోవును. అతని బండి దినమునకు 100 కిలోమీటర్లకు తక్కువ కాకుండ, చాలవఱకు ఆగకుండ సాగును. అతనికి డీజిలే తగినది. శామీర్‌పేటలో ఇంటింటికి నీళ్ళ క్యానులు వేయువాడు రెండవవాడు. అతడు దినమునకు 20 కిలోమీటర్లు తిరిగి 60 చోట్ల నిలుచును. అతనికి పెట్రోలో, గ్యాసో, విద్యుత్తో మేలు. ఇరువురును ఒకే కంపెనీవారి బండి కొనవచ్చును. ఒకే ఇంజను కొనరాదు.

ధనము లెక్క కూడ ఇదే చెప్పును. అంకెలు ఊహింపుడు: డీజిల్ బండి లీటరునకు 18 కిలోమీటర్లు, పెట్రోలు బండి 15 కిలోమీటర్లు పోవుననియు, డీజిలు లీటరు 95 రూపాయలు, పెట్రోలు 105 రూపాయలు అనియు, ఏటికి 300 పనిదినములనియు అనుకొందము. దినమునకు 60 కిలోమీటర్లు తిరుగువాడు ఏటికి 18,000 కిలోమీటర్లు పోవును. డీజిలునకు 95,000 రూపాయలు, పెట్రోలునకు 1,26,000 రూపాయలు, తేడా 31,000. డీజిల్ బండి వెల లక్ష రూపాయలు ఎక్కువైనను మూడేండ్ల కొంచెము పైని ఆ లక్ష తిరిగివచ్చును. దినమునకు 20 కిలోమీటర్లే తిరుగువానికి తేడా ఏటికి పదివేలు మాత్రమే. ఆ లక్ష తిరిగివచ్చుటకు దాదాపు పదియేండ్లు పట్టును. అంతలో బండియే ముసలిదగును. మీ ఊరి ధరలు, మీ బండి వెలలు వేసికొని ఈ లెక్కను మీరే చేయుడు. విధానము మాత్రము మారదు.

సి.ఎన్.జి. అనబడు సహజవాయువు పెట్రోలు ఇంజనులోనే మండును, మసి తక్కువ. దానిని సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో సిలిండరులో నింపుదురు. ఆ సిలిండరు బరువును, అది ఆక్రమించు చోటును సరకునుండి తీసివేయవలసినవే. మూడేండ్లకొకసారి దానిని పరీక్ష చేయించుట చట్టప్రకారము తప్పనిసరి. హైదరాబాదునకు ఈ వాయువును సరఫరా చేయు భాగ్యనగర్ గ్యాస్ సంస్థవారి ప్రధాన కేంద్రము శామీర్‌పేటయందే యున్నది గనుక ఈ ప్రాంతమువారికి ఇది పరిశీలింపదగినది. అయినను కొనుటకు ముందు మీ దారిలోని గ్యాసు బంకువద్ద ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి వరుస ఎంత పొడవున్నదో పోయి చూడుడు. వరుసలో గడచిన గంట కూడ ఖర్చే.

విద్యుత్తు బండికి ఆగుట కష్టము కాదు, లాభము. ఆగియున్నపుడు అది ఏమియు తినదు. బ్రేకు వేసినపుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోనికి చేర్చుకొనును. రాత్రి ఇంటివద్ద నింపుకొని, ఉదయము పోయి, మధ్యాహ్నమునకు తిరిగివచ్చు పనికి ఇది చక్కగా అమరును. 2022లో విడుదలయైన ఏస్ విద్యుత్తు బండి బ్యాటరీలో 21.3 యూనిట్లు నిలువయుండును. పరీక్షలో అది 154 కిలోమీటర్లు పోవునని ధ్రువపఱచిరి. నిండు బరువుతో, మన ఎండలలో, అంత దూరము ఆశింపక మూడింట రెండు వంతులే లెక్కకు తీసికొనుట వివేకము. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో తేలిక సరకుల బండ్లతోసహా విద్యుత్తు వాహనములకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. మినహాయింపు చూచి సంతోషింపవచ్చును గాని, ఎనిమిదేండ్ల పిదప బ్యాటరీ స్థితి యేమి, దాని పూచీ ఎన్ని కిలోమీటర్లవఱకు అను ప్రశ్నలను వ్రాతపూర్వకముగ అడుగవలెను.

ఇంజను నిర్ణయమైన పిమ్మట మిగిలిన పెద్ద ప్రశ్న, చెడిపోయిననాడు దానిని బాగుచేయువాడెవడు? ఇచ్చట మన నగరపు వాడుకమాటయే ఒక చరిత్ర చెప్పుచున్నది. తెలంగాణమున నడితరగతి సరకుల బండిని చూచి, అది ఏ కంపెనీదైనను, జనులు "డీసీఎం" అందురు. వార్తాపత్రికలును అట్లే వ్రాయును. 1980ల దశకమున జపాను సంస్థల సహకారముతో నాలుగు తేలిక లారీలు మన దేశమునకు వచ్చినవి: డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్డా, మన హైదరాబాదు ఆల్విన్‌వారి ఆల్విన్ నిస్సాన్. వీనిలో ఆల్విన్ నిస్సాన్ జహీరాబాదులో తయారైనది. ఆ కర్మాగారము తరువాత మహీంద్రావారి చేతికి వచ్చినది. డీసీఎంనుండి 1990ల దశకమున టయోటా తొలగి దేవూ చేరినది. 2000ల ఆరంభమున ఆ కర్మాగారమే మూతపడినది. పేరు మాత్రము మన నాలుకపై నిలిచిపోయినది. బండి ఎంత మంచిదైనను, తయారీదారుడు తొలగిపోయినపుడు దాని విడిభాగములు ఏ పాత సామాను దుకాణములోనో వెదకవలసివచ్చును. కావున క్రొత్త పేరుగల బండికి తొందరపడి మొదటి గిరాకీ కావలదు. మీ ఊరి మెకానికులు మువ్వురను అడుగుడు: ఈ బండి మీకు తెలియునా? దీని క్లచ్చిప్లేటు, నీటిపంపు, ఇంజెక్టరు రాణీగంజిలో ఆనాడే దొరకునా, తెప్పింపవలెనా? ఒకనాడు ఆగుటకును, వారము ఆగుటకును గల భేదము ఆ జవాబులో నున్నది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిననాడు బండిలోని పాలు మెకానికు వచ్చువఱకు వేచియుండవు. ఆ పాలు విఱిగినచో పోవునది ఆ ఒక్క దినపు వెల కాదు. మఱునాడు గిరాకీ వేఱొకని వాకిటికి పోవును.

క్రొత్త బండి కొనలేనివారు పాతబండిని కొందురు; అది తప్పు కాదు. కాని చల్లారిన ఇంజనును మీ ఎదుట స్టార్టు చేయింపుడు. ముందే వేడిచేసి యుంచినచో అనుమానింపుడు. పొగ నల్లగా వచ్చినచో ఇంధనము ఎక్కువగనో, గాలి తక్కువగనో పోవుచున్నది. ఇది స్వల్పదోషము కావచ్చును. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. ఇది పెద్ద ఖర్చు. వేడెక్కిన పిదపను తెల్లపొగ విడువకున్నచో సిలిండరులోనికి నీరు చేరుచున్నదేమో చూడవలెను. ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూత తీసి చూడుడు. బుసబుస గాలి తన్నుచున్నచో పిస్టను రింగులు అరిగినవని తెలియవలెను. చల్లగా ఉన్నపుడు రేడియేటరు మూత తీసి నీటిపై నూనెతెట్టు కలదేమో చూడుడు. బండి క్రిందకు వంగి ఛాసిస్‌పై వెల్డింగు అతుకులున్నవేమో చూడుడు. అవి అధికభారము వ్రాసిపోయిన చేవ్రాళ్ళు. తరువాత కాగితములు. ఆర్.సి. పుస్తకమునందలి ఛాసిస్ నంబరును బండిపైనున్న నంబరుతో మీ కంటితో పోల్చుడు. అప్పు తీఱినదను ఫారము 35, బదిలీకి ఫారములు 29, 30 చేతికి వచ్చువఱకు తుది పైకము ఈయకుడు.

చట్టవిషయములు మూడు జ్ఞాపకముంచుకొనవలెను. సరకుతోసహా మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకుల బండికి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిటు అక్కఱలేదు. మొత్తము బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని తేలిక వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. ఫిట్‌నెస్ పత్రము మాత్రము ఎనిమిదేండ్లవఱకు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేట పొందవలెను. పత్రము గడువు తీఱిననాడు ప్రమాదము జరిగినచో భీమా సంస్థతో చిక్కులు వచ్చును. ఆ తేదీని పంచాంగముపై గుర్తుపెట్టుకొనుట మంచిది.

కొనిన పిదప బండి ఆయుర్దాయము మన చేతిలో నున్నది. ఇంజనును చంపునవి నాలుగు: వేడి, దుమ్ము, పాడైన ఆయిలు, అధికభారము. రాళ్ళ క్రషర్ల ప్రక్కగను, మట్టిదారులపైనను తిరుగు బండికి గాలి ఫిల్టరును పుస్తకములో చెప్పినదానికంటె ముందుగనే మార్చవలెను. రేడియేటరులో ఒట్టి బోరునీరు పోయరాదు; మన బోరునీటి సున్నము లోపల గడ్డకట్టును. చెప్పిన కూలెంటునే పోయవలెను. మసిజల్లెడ గల డీజిల్ బండికి దానికై నిర్దేశించిన ఆయిలే వాడవలెను. చౌక ఆయిలు జల్లెడను మూసివేయును. టర్బో ఉన్న ఇంజనును దూరప్రయాణము కాగానే తక్షణమే ఆపక, ఒక నిమిషము మెల్లగా తిరుగనిచ్చి ఆపవలెను. ఈ పనులకు నెలకు కొన్ని గంటలు చాలును. చేయకున్నచో ఎన్నోదినములు పోవును.

ముగించుటకు ముందు ఆ నోటుపుస్తకమును మరల తెఱతము. చివరి పుటలో ఒక అంకె వ్రాసికొనుడు: నా బండి ఒకనాడు నిలిచినచో నాకెంత నష్టము? కిరాయి బండికిచ్చు పైకము, పాడైన సరకు, కూలివాని ఉత్తకూలి, చేజారిన గిరాకీ, ఇవన్నియు కలుపుడు. దుకాణములో రెండు బండ్ల మధ్య వెలలో ఇరువదివేల తేడా చూచి మనస్సు ఊగులాడినపుడు, ఆ తేడా ఎన్ని నిలిచిపోయిన దినములకు సమానమో లెక్కించుడు. అప్పుడు ఏది చౌకయో మీకే తెలియును.

పూర్వపు రైతు ఎద్దు పేరు చెప్పి గర్వించెడివాడు కాదు. అది దున్నిన చేను చూపి గర్వించెడివాడు. మీ బండిని గూర్చియు అట్లే చెప్పుకొను దినము రావలెను. తెల్లవాఱకమునుపే మేడ్చల్ దారిలోనో, శామీర్‌పేట దారిలోనో అది ఒక్క త్రిప్పునకు కదలి, సరకు దింపి, చీకటిపడునప్పటికి ఇంటిముంగిట నిలిచినచో, మీరు ఎన్నుకొనినది మంచి బండి.